ఇసుక సముద్రాన్ని కొలిచిన ఫిల్బీ

విద్యార్థులారా! పటంలో కనిపించే ప్రతి గుర్తు వెనుక ఎవరో ఒకరి శ్రమ ఉన్నదని మీకు తెలుసా? సౌదీ అరేబియా పటానికి అట్టి శ్రమను ధారపోసిన వారిలో సెయింట్ జాన్ ఫిల్బీ ఒకరు.

ఆయన 1885లో సింహళ ద్వీపంలోని బదుల్లలో, ఒక తోట యజమానికి జన్మించారు. ఇంగ్లండులో చదివి, మన భారతదేశానికి ఉద్యోగిగా వచ్చారు. 1917లో అరేబియా చేరి, ఆ దేశాన్ని ఒక తీరం నుండి మరొక తీరం వరకు దాటారు.

ఆ దేశపు దక్షిణాన రుబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారి ఉన్నది. మనం వాడే ‘ఖాళీ’ అనే మాట కూడా అరబ్బీ నుండి వచ్చినదే. 1932లో ఫిల్బీ ఒంటెలపై ఆ ఎడారిలో ప్రవేశించారు. మొదటి యత్నంలో ఒంటెలు అలసిపోగా వెనుదిరిగారు. ఒక బావి వద్ద సేదదీరి, చిన్న బృందంతో మరల బయలుదేరి, సుమారు 600 కిలోమీటర్ల నీరులేని దారిని దాటారు.

అట్టి కష్టంలోనూ ఆయన దిశను, దూరాన్ని, ఎత్తును, బావుల పేర్లను వ్రాసుకోవడం మానలేదు. ఎందుకో ఆలోచించండి. పటంలో బావి గుర్తు తప్పితే, దాహంతో వచ్చే బాటసారి గతి ఏమగును?

ఇసుకలో పూడిపోయిన వబార్ నగరాన్ని చూడవలెనని ఆయన ఎంతో ఆశించారు. అక్కడ నగరం లేదు. పెద్ద గోతులు మాత్రమే ఉన్నవి. అవి అగ్నిపర్వత బిలములని ఆయన తలచారు. అయినను గోతులను ఉన్నవి ఉన్నట్లు పటంగా గీసి, నల్లని గాజురాళ్లను, ఒక ఇనుప తునకను వెంట తెచ్చారు. లండనులో శాస్త్రజ్ఞులు వాటిని పరీక్షించి, ఆకాశం నుండి పడిన ఉల్క వలన ఆ గోతులు ఏర్పడినవని తేల్చారు. ఫిల్బీ ఊహ తప్పినది. ఆయన వ్రాసిన వివరాలు నిలిచినవి.

ఆయన 1960లో బేరూతులో మరణించారు. నేడు ఈ పనికి కంప్యూటరు తోడైనది. ప్రతి స్థలానికి అక్షాంశ రేఖాంశాలనిచ్చి, బావులను ఒక పొరగా, దారులను ఒక పొరగా, కొండలను మరొక పొరగా అమర్చి, ఒకదానిపై ఒకటి పరచి చూపుతుంది. దీనినే భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. ఏ దారికి ఏ బావి దగ్గరో అది క్షణంలో చెప్పగలదు. కాని స్థలాన్ని తప్పుగా వ్రాసి ఇస్తే, తప్పుగానే చూపుతుంది.

కావున విద్యార్థులారా, మన పాఠశాల ఆవరణను అడుగులతో కొలిచి, ఒక కాగితంపై చెట్లను, మరొక పలుచని కాగితంపై కుళాయిలను గుర్తించండి. రెండింటినీ కలిపి చూసి, ఏ చెట్టుకు నీరు దూరమో చెప్పండి.