కుందేలు బదులు తానే!

గాడిదా, నీకు బుర్రుందా అని పిల్లల్ని ఒక్కసారైనా కసరని ఇల్లు మా విశాఖపట్నంలో ఉందంటే నేను నమ్మను. మార్కులు తగ్గితే గాడిద, పిలిస్తే పలక్కపోతే దున్నపోతు... మన తిట్లన్నీ జంతువుల మీదే! మనిషి పైమెట్టు మీద, మిగతా జీవాలన్నీ కిందిమెట్ల మీద ఉన్నట్టు ఓ నిచ్చెన వేసేసుకున్నాం. ఆ నిచ్చెన ఎంతవరకు నిజమో తన ఒంటిమీదే పరీక్షించుకున్న ఓ పెద్దాయన గురించి ఈ వారం చెబుతాను. పుట్టింది ఇంగ్లండులో, చివరికి చేరింది మన కాకినాడకి. పేరు జె.బి.ఎస్. హాల్డేన్.

గనిలో మొదటి పాఠం

1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారాయన. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనుల్లోని విషవాయువుల మీద పరిశోధనలు చేసేవారు. బొగ్గుగనుల్లోకి కేనరీ పిట్టల్ని వెంట తీసుకెళ్లమని సలహా ఇచ్చింది ఆయనే. కార్బన్ మోనాక్సైడుకి రంగుండదు, వాసనుండదు. మనిషికి తెలిసేలోపే ప్రాణం మీదికొస్తుంది. చిన్న పిట్ట గబగబా ఊపిరి పీలుస్తుంది కనుక ముందు అదే తూలిపోతుంది. అది చూసి మనుషులు బయటపడేవారు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఈ పిట్టలే కాపలా! మా ఉక్కునగరం ఇల్లాళ్లకి ఈ గ్యాసు పేరు కొత్త కాదు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఉండేదీ అదే. దాన్ని పసిగట్టడానికి ఇప్పుడు పరికరాలున్నాయి.

తండ్రి కొడుకుని కూడా గనుల్లోకి తీసుకెళ్లేవారు. ఓసారి మీథేన్ చేరిన చోట నిలబెట్టి షేక్స్‌పియర్ నాటకంలోంచి ఓ ప్రసంగం అప్పజెప్పమన్నారు. చెబుతూ చెబుతూ ఆయాసం వచ్చి కూలబడ్డాడు పిల్లాడు. కింద గాలి బాగానే ఉంది! ఆ గ్యాసు తేలిక కాబట్టి పైనే ఉంటుందని అలా నేర్చుకున్నాడు. ఏ తల్లయినా ఒప్పుకుంటుందా చెప్పండి?

నోరున్న జీవి

పెద్దయ్యాక హాల్డేన్ జన్యుశాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. అయితే నన్ను ఆకట్టుకున్నది ఆ పేరు కాదు. మన ఒంట్లో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే కుందేలు మీదో కుక్క మీదో ప్రయోగం చెయ్యొచ్చు. కానీ తలనొప్పి ఉందో లేదో కుందేలు చెప్పలేదుగా! అందుకని అమ్మోనియం క్లోరైడు కలిపిన నీళ్లు తానే తాగి, ఆయాసపడి, ఆ అనుభవాన్ని రాసి పెట్టారు. తనకి తానే కుందేలైన వైనం మీద ఓ వ్యాసమే రాశారు.

1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదంలో మనిషి ఎలా బయటపడగలడో తేల్చడానికి హాల్డేన్ ఇనుప గదిలో కూర్చుని చెడుగాలి పీల్చారు, విపరీతమైన ఒత్తిడి భరించారు. కర్ణభేరి చిల్లుపడింది. ఓసారి మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. తర్వాత ఆయన్ని పెళ్లాడిన శాస్త్రవేత్త హెలెన్ స్పర్వే కూడా ఆ ప్రయోగాల్లో పాల్గొన్నారు. మా బీచ్‌లో కురుసురా జలాంతర్గామిని చూసినప్పుడు నాకు వాళ్లిద్దరే గుర్తొస్తారు.

తేనెటీగ చెప్పే దారి

1954లో ఈ దంపతులు తేనెటీగల మీద ఓ పరిశోధన ప్రచురించారు. పూలు ఎక్కడున్నాయో చూసొచ్చిన ఈగ చీకటి పట్టులో నాట్యం చేస్తుంది. నిట్టనిలువుగా పైకి సాగితే సూర్యుడి వైపు వెళ్లమని. పక్కకి ఎంత వంగితే దారి అంత పక్కకని. ఒళ్లు ఊపుతూ ఎంతసేపు నడిస్తే అంత దూరమన్నమాట. దీన్ని మొదట కనిపెట్టింది కార్ల్ ఫాన్ ఫ్రిష్. ఆ నాట్యంలో ఎంత సమాచారం ఉందో లెక్కగట్టింది వీళ్లు. ఊళ్లో అడ్రసు చెప్పడానికి మనం పడే తిప్పలు తలుచుకుంటే ఈగకి దణ్ణం పెట్టాలి! అయితే ఆ ఈగ పోయినేటి పూల ముచ్చట చెప్పదు, ఎందుకని అడగదు. మనకున్న తేడా అక్కడుంది.

మనవాడైన హాల్డేన్

1957లో భార్యతో కలకత్తా వచ్చి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా కట్టారు, మాంసం మానేశారు, భారత పౌరుడయ్యారు. ఖరీదైన పరికరాలక్కర్లేదు, చంపక్కర్లేదు, కళ్లతో చూసి లెక్కపెట్టమని మన కుర్రాళ్లని ప్రోత్సహించారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు అలాగే తలంబ్రాల మొక్క దగ్గర నిలబడి ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూలమీద వాలుతుందో గమనించారు. 1960లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది.

1962లో భువనేశ్వర్‌కి మారారు. అక్కడ ఆయన సహచరుడు సురేశ్ జయకర్, హెలెన్ కలిసి నేలమీదే గుడ్లుపెట్టే తీతువు పిట్టల్ని గమనించారు. గోడలకి మట్టిగూళ్లు కట్టే కందిరీగల్నీ వదల్లేదు. తీతువు అరిస్తే మనం అపశకునమంటాం, కందిరీగ గూడు కనిపిస్తే చీపురు తీస్తాం. వాళ్లు మాత్రం ఓపిగ్గా కూర్చుని చూశారు.

తర్వాత క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో ఉండి దానిమీదే ఓ హాస్యపు పద్యం రాశారు. 1964 డిసెంబర్ 1న కన్నుమూశారు. హెలెన్ ఆ తర్వాత హైదరాబాదు చేరి 1978లో అక్కడే పోయారు.

కేనరీ పిట్టని ఎవరూ అనుమతి అడగలేదు. కుందేలుని అడిగే వీలే లేదు. మనిషి ఒక్కడే సరేనని చెప్పి ముందుకు రాగలడు. హాల్డేన్ ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నారు. మా ఊరికి 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి, పిల్లలు కోసి చదువుకోవడానికి, తన శరీరాన్నే రాసిచ్చారు.