సేమూర్ క్రే

సేమూర్ రోజర్ క్రే (సెప్టెంబరు 28, 1925 - అక్టోబరు 5, 1996) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన విద్యుత్ ఇంజనీరు, కంప్యూటరు రూపశిల్పి. ఇతడిని సూపర్ కంప్యూటరు పితామహుడిగా పరిగణిస్తారు. సి.డి.సి. 6600, సి.డి.సి. 7600, క్రే-1, క్రే-2 ఇతడు రూపొందించిన ప్రసిద్ధ యంత్రాలు. ఈ యంత్రాల ఘనతను సాధారణంగా వాటి వేగంతో కొలుస్తారు. అయితే వాటిని వరుసగా పరిశీలించినప్పుడు, పుట్టిన వేడిని ఏ ద్రవంతో, ఏ మార్గాన బయటికి పంపాలన్న సమస్య ప్రతి దశలోనూ ఇతడిని పరీక్షించిందని తెలుస్తుంది. యంత్రాన్ని ద్రవంతో చల్లబరిచే విధానాల చరిత్రలో క్రే జీవితం ఒక ముఖ్యమైన అధ్యాయం.

బాల్యం, విద్యాభ్యాసం

క్రే విస్కాన్సిన్ రాష్ట్రంలోని చిప్పెవా ఫాల్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి సివిల్ ఇంజనీరు. కుమారుని ఆసక్తిని గమనించి ఇంటి నేలమాళిగను ప్రయోగశాలగా వాడుకోనిచ్చాడు. పదేళ్ళ వయసులోనే క్రే పిల్లలు ఆడుకొనే లోహపు ముక్కల పెట్టెతో, రంధ్రాలు చేసిన కాగితపు పట్టీని మోర్స్ సంకేతాలుగా మార్చే పరికరాన్ని తయారు చేశాడు.

1943లో ఉన్నత పాఠశాల చదువు పూర్తి కాగానే సైన్యంలో చేరవలసి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో మొదట ఐరోపాలో రేడియో ఆపరేటరుగానూ, తరువాత పసిఫిక్ ప్రాంతంలో జపాను వారి రహస్య సంకేతాలను ఛేదించే విభాగంలోనూ పనిచేశాడు. యుద్ధానంతరం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగులో పట్టా, 1951లో అనువర్తిత గణితశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందాడు.

తొలి ఉద్యోగాలు

సెయింట్ పాల్ నగరంలోని ఇంజనీరింగ్ రీసెర్చ్ అసోసియేట్స్ అనే సంస్థలో క్రే ఉద్యోగ జీవితం ప్రారంభమైంది. నౌకాదళం కోసం సంకేత ఛేదన యంత్రాలు తయారు చేసే ఈ సంస్థ తరువాత రెమింగ్టన్ రాండ్ చేతికి, ఆపైన స్పెర్రీ రాండ్ చేతికి వెళ్ళింది. 1957లో విలియం నోరిస్ తదితరులు బయటికి వచ్చి కంట్రోల్ డేటా కార్పొరేషన్ (సి.డి.సి.) స్థాపించారు. చేతిలో ఉన్న నౌకాదళం పని ముగించుకొని క్రే కూడా అందులో చేరాడు. అక్కడ ఇతడు రూపొందించిన సి.డి.సి. 1604 ట్రాన్సిస్టర్లతో పనిచేసే యంత్రం. మొదటిది 1960లో మాంటెరీలోని నౌకాదళ స్నాతకోత్తర పాఠశాలకు చేరింది.

కార్యాలయ వ్యవహారాలు, సమావేశాలు క్రేకు గిట్టేవి కావు. తన పని తాను చేసుకోవడానికి స్వగ్రామంలో ప్రయోగశాల కావాలని పట్టుబట్టగా, 1962లో సంస్థ చిప్పెవా ఫాల్స్‌లో దానిని ఏర్పాటు చేసింది.

వేగానికి, వేడికి సంబంధం

క్రే ఎదుర్కొన్న సమస్యను అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లెక్క అవసరం. కాంతి ఒక నానోసెకనులో, అనగా సెకనులో వంద కోట్లవ వంతులో, సుమారు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. తీగలో విద్యుత్ సంకేతం అంతకంటే కొంత నిదానంగా పోతుంది. కాబట్టి యంత్రం వేగం పెరగాలంటే తీగలు పొట్టివి కావాలి. తీగలు పొట్టివి కావాలంటే భాగాలన్నీ దగ్గరదగ్గరగా పేర్చాలి. అప్పుడు అంతే విద్యుత్తు చిన్న జాగాలో ఖర్చయి, ఆ జాగా పొయ్యిలా వేడెక్కుతుంది. భాగాల మధ్య సందు లేకపోవడంతో పంకా గాలి లోపలికి చొరబడదు. వేగం, ఇరుకుతనం, వేడి అనే ఈ మూడూ ఒకదానినొకటి వెన్నంటి వస్తాయి. క్రే జీవితమంతా ఈ ముడిని విప్పడానికే పనిచేశాడని చెప్పవచ్చు.

సి.డి.సి. 6600, 7600

1964లో వెలువడిన సి.డి.సి. 6600 ఆనాటికి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన కంప్యూటరు. ఐ.బి.ఎం. వారి స్ట్రెచ్ యంత్రం కంటే సుమారు మూడు రెట్లు వేగంగా పనిచేసేది. జర్మేనియం కంటే ఎక్కువ వేడికి తట్టుకొనే సిలికాన్ ట్రాన్సిస్టర్లను సుమారు నాలుగు లక్షలు ఇందులో వాడారు. వాటిని రెండు బోర్డుల మధ్య కట్టెలమోపులా కిక్కిరిసి పేర్చారు. ఇందులో జేమ్స్ థార్న్‌టన్ పాత్ర కూడా గణనీయమైనది.

ఇంత ఇరుకైన అమరికను గాలితో చల్లబరచడం సాధ్యం కాదని గ్రహించి, శీతలీకరణ బాధ్యతను డీన్ రౌష్ అనే ఇంజనీరుకు అప్పగించారు. ఇంట్లో రిఫ్రిజిరేటరు పనిచేసే సూత్రమే ఇక్కడా వర్తించింది. యంత్రపు చట్రంలో అమర్చిన గొట్టాలలో ఫ్రియాన్ ప్రవహించి వేడిని గ్రహిస్తుంది. ఆ వేడిని భవనంలోని చల్లని నీటికి అప్పగిస్తుంది. ద్రవం ఎక్కడా విద్యుత్ భాగాలను నేరుగా తాకదు. ఈ అంశం గుర్తుంచుకోదగినది. ఇరవై ఏళ్ళ తరువాత క్రే ఈ కట్టుబాటునే విడిచిపెట్టాడు.

పారిశుద్ధ్య పనివానితో కలిపి 34 మంది మాత్రమే ఉన్న ఈ బృందం తమను ఎలా మించిపోయిందో వివరించమని ఐ.బి.ఎం. అధినేత థామస్ వాట్సన్ (జూనియర్) 1963లో తన సిబ్బందికి లేఖ రాశాడు. కంప్యూటర్ల చరిత్రలో ఈ లేఖ ప్రసిద్ధి చెందింది.

1969లో వచ్చిన 7600 కూడా విజయం సాధించింది. తరువాతి 8600 మాత్రం పూర్తి కాలేదు. నాలుగు ప్రాసెసర్లను మరింత దట్టంగా ఇరికించే ప్రయత్నంలో వేడి అదుపు తప్పింది, అతుకులు తరచుగా విఫలమయ్యాయి. సంస్థ వద్ద మళ్ళీ మొదలుపెట్టడానికి ధనం లేకపోయింది. 1972లో క్రే బయటికి వచ్చి క్రే రీసెర్చ్ అనే సొంత సంస్థను స్థాపించాడు. నోరిస్ ఇతనిపై కోపగించకుండా కొత్త సంస్థలో పెట్టుబడి పెట్టించడం ఆ ఇద్దరి సంస్కారాన్ని తెలుపుతుంది.

క్రే-1

మొదటి క్రే-1 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరింది. 80 మెగాహెర్ట్జ్ గడియారంతో, సెకనుకు 16 కోట్ల దశాంశ గణనలు చేయగల యంత్రమిది. పైనుంచి చూస్తే ఆంగ్ల అక్షరం సి ఆకారంలో ఉంటుంది. లోపలి వైపున తీగలు పొట్టిగా ఉండాలని ఈ ఆకారాన్ని ఎన్నుకున్నారు. ఏ తీగా సుమారు నాలుగు అడుగులకు మించలేదు. చుట్టూ సోఫా వంటి మెత్తని ఆసనం అమర్చి, దాని కింద విద్యుత్ సరఫరా పరికరాలను దాచారు. బరువు సుమారు ఐదున్నర టన్నులు. వాడే విద్యుత్తు సుమారు 115 కిలోవాట్లు. అదంతా చివరికి వేడిగానే మారుతుంది.

ఈ యంత్రంలో ప్రతి రెండు సర్క్యూటు బోర్డుల నడుమ ఒక రాగి పలక ఉండేది. చిప్పుల వేడి రాగిలోకి, రాగి అంచు నుండి నిలువు అల్యూమినియం కమ్మీలలోకి, కమ్మీలలో పొదిగిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల ద్వారా ఫ్రియాన్‌లోకి చేరేది. చెప్పడానికి సులభమే. కానీ అల్యూమినియంలో స్టీలు గొట్టాన్ని చీలిక లేకుండా పొదగడం కష్టసాధ్యమైంది. కంప్రెసరు కోసం ఫ్రియాన్‌లో కలిపే కందెన నూనె అతుకుల నుండి ఊటగా కారి, బోర్డులపై పేరుకొని షార్టు సర్క్యూటుకు దారితీసింది. కొత్త వెల్డింగు పద్ధతులు కనిపెట్టేవరకు మొదటి యంత్రం నెలల తరబడి ఆలస్యమైంది. గణన భాగాలు సిద్ధంగా ఉన్నా గొట్టాలు సిద్ధంగా లేక, అప్పటికి ఒక్క యంత్రమూ అమ్మని సంస్థ మనుగడే ప్రశ్నార్థకమైంది.

అనంతరం క్రే-1 రకం యంత్రాలు 80కి పైగా అమ్ముడయ్యాయి. వాతావరణ అంచనా, అణు పరిశోధన, విమానాల రూపకల్పన మొదలైన రంగాలలో వీటిని ఉపయోగించారు.

క్రే-2: ద్రవంలో మునిగిన యంత్రం

1980 ప్రాంతంలో క్రే సంస్థ నిర్వహణ బాధ్యతలను వదులుకొని కేవలం రూపకర్తగా క్రే-2 పై దృష్టి పెట్టాడు. ఇందులో ఎనిమిది బోర్డులను ఒకదానిపై ఒకటి పేర్చి, నిలువు తీగలతో కలిపి, 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం గల మాడ్యూలుగా చేశాడు. ఒక పుస్తకం పరిమాణం గల ఆ ముద్ద 300 నుండి 500 వాట్ల వేడిని పుట్టిస్తుంది. బోర్డుల మధ్య రాగి పలక పెట్టే సందు లేదు. పలక పెడితే బోర్డులు దూరమవుతాయి, నిలువు తీగలకు దారి ఉండదు, చేసిన పనికి ప్రయోజనం పోతుంది.

అప్పుడు క్రే యంత్రం మొత్తాన్ని ద్రవంలో ముంచాడు. ఎన్నుకున్న ద్రవం త్రీ ఎం సంస్థ తయారు చేసే ఫ్లోరినర్ట్. ఇది రంగు లేని, విద్యుత్తును ప్రసరింపజేయని, మంటకు అంటుకోని, ఇతర పదార్థాలతో సులభంగా చర్య జరపని ద్రవం. ఈ జాతి ద్రవాలను కృత్రిమ రక్తం ప్రయోగాలలో కూడా వాడారు.

ఈ ఎన్నికలో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. వేడిని మోసుకుపోవడంలో నీటికి సాటి లేదు. బరువు ప్రకారం చూస్తే ఫ్లోరినర్ట్ నీరు మోసే వేడిలో నాలుగో వంతు మాత్రమే మోయగలదు, ధర చాలా ఎక్కువ. కానీ నీరు చిప్పులను తాకితే యంత్రం పాడవుతుంది. ఐ.బి.ఎం. తన 3081 యంత్రంలో నీటినే వాడింది గాని, దానిని చిప్పులకు దూరంగా లోహపు మూతల వెనుక ప్రవహింపజేసింది. మంచి ద్రవాన్ని అడ్డుగోడ వెనుక ఉంచడమా, మధ్యరకం ద్రవాన్ని అడ్డు లేకుండా తాకనివ్వడమా అన్నది ఇక్కడి ప్రశ్న. క్రే రెండవ దానిని ఎన్నుకున్నాడు. తన మాడ్యూలు ఆకారానికి మరో మార్గం లేనందున అది సరైన నిర్ణయమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సుమారు 200 గ్యాలన్ల ద్రవం సెకనుకు ఒక అంగుళం చొప్పున నెమ్మదిగా మాడ్యూళ్ళ గుండా ప్రవహించి, ఉష్ణ వినిమయ పరికరంలో తన వేడిని చల్లని నీటికి ఇచ్చేది. పక్కనే ఉన్న పారదర్శకమైన స్తంభంలో ద్రవం జలపాతంలా పడుతూ కనిపించేది. అందువల్ల ఈ యంత్రానికి బుడగలు అనే అర్థం వచ్చే ముద్దుపేరు ఏర్పడింది. మరమ్మతు చేయాలంటే ముందుగా ద్రవాన్నంతా తొట్టిలోకి తోడవలసి వచ్చేది. ఎక్కడైనా మితిమీరిన వేడి తగిలితే ఈ ద్రవం విషవాయువులను వెలువరించే ప్రమాదం కూడా ఉంది.

1985లో వచ్చిన క్రే-2 గరిష్ఠ వేగం సెకనుకు 190 కోట్ల గణనలు. జ్ఞాపకశక్తి 25 కోట్ల పదాలకు పైబడినది. అయితే ఆ జ్ఞాపకశక్తిని చేరడానికి పట్టే సమయం ఎక్కువ కావడంతో, అదే సంస్థలో స్టీవ్ చెన్ రూపొందించిన ఎక్స్-ఎం.పి. కంటే దీనికి గిరాకీ తక్కువగా ఉండేది. 2011లో పరీక్షించినప్పుడు చేతిలో ఇమిడే ఐప్యాడ్ 2, పంకా సైతం లేకుండా, దాదాపు ఈ యంత్రానికి దీటుగా నిలిచింది.

క్రే-3, చివరి సంవత్సరాలు

క్రే-3 కోసం సిలికాన్ బదులు గాలియం ఆర్సెనైడ్ చిప్పులను క్రే ఎంచుకున్నాడు. ఖర్చు పెరగడంతో 1989లో ఈ పనిని క్రే కంప్యూటర్ కార్పొరేషన్ అనే వేరే సంస్థగా కొలరాడో స్ప్రింగ్స్‌లో విడదీశారు. ఇదీ ఫ్లోరినర్ట్‌లో మునిగే యంత్రమే. 1991లో లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల తన ఆర్డరును రద్దు చేసింది. 1993లో ఒక్క యంత్రం మాత్రం జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రానికి చేరింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి ప్రభుత్వ కొనుగోళ్ళు తగ్గాయి. చిన్న ప్రాసెసర్లను వందల సంఖ్యలో కలిపే యంత్రాలు చౌకగా వచ్చాయి. 1995 మార్చిలో సంస్థ దివాలా తీసింది.

అలాంటి సమాంతర యంత్రాల పట్ల క్రేకు మొదటినుండీ నమ్మకం తక్కువ. అయినా 70 ఏళ్ళ వయసులో ఎస్.ఆర్.సి. కంప్యూటర్స్ అనే సంస్థను స్థాపించి, తాను కాదన్న పద్ధతిలోనే కొత్త యంత్రం మొదలుపెట్టాడు. 1996 సెప్టెంబరు 22న కొలరాడో స్ప్రింగ్స్ వద్ద జాతీయ రహదారిపై జరిగిన కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, రెండు వారాల తరువాత 71వ ఏట మరణించాడు.

వ్యక్తిత్వం

క్రే మితభాషి. గళ్ళ కాగితాలపై పెన్సిలుతో బూలియన్ సమీకరణాలు రాస్తూ యంత్రాలను రూపొందించేవాడు. ఇంటి కింద సొరంగం తవ్వడం ఇతని కాలక్షేపం. ప్రతి ఏడూ ఒక తెరచాప పడవను తయారు చేసి ఆ తరువాత తగలబెట్టేవాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. ఇటువంటి కథలలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు.

భారతదేశంతో సంబంధం

1988లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం కోసం భారత ప్రభుత్వం క్రే ఎక్స్-ఎం.పి./14 యంత్రాన్ని కొనుగోలు చేసింది. ఇది క్రే స్వయంగా రూపొందించినది కాదు గాని, క్రే-1 నిర్మాణం నుండి, ఫ్రియాన్ శీతలీకరణం నుండి పుట్టినదే. భారత్ కోరిన మరింత శక్తివంతమైన నమూనాను అమెరికా ఇవ్వలేదు. ఇచ్చిన దానికి కూడా వాడకంపై షరతులు పెట్టింది. ఈ అనుభవం స్వదేశీ ప్రయత్నాలకు దోహదం చేసింది. పుణేలో 1988లో స్థాపించిన సి-డాక్ సంస్థ విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991లో పరమ్ 8000 యంత్రాన్ని తయారు చేసింది. అది చిన్న ప్రాసెసర్లను కలిపే పద్ధతికి చెందినది.

నేటి ద్రవ శీతలీకరణంతో పోలిక

నేడు ఇంటి డెస్క్‌టాప్ కంప్యూటరుకు అమర్చుకొనే లిక్విడ్ కూలర్ పోలికలో క్రే-2 కంటే క్రే-1కే దగ్గరైనది. ప్రాసెసరుపై రాగి పలక, దాని వెనుక ద్రవం, పంపు, పంకాలతో కూడిన రేడియేటరు ఇందులో ఉంటాయి. ఫ్రియాన్‌కు బదులు గ్లైకాల్ కలిపిన నీరు వాడతారు, కంప్రెసరు ఉండదు. అందువల్ల గది ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబరచలేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో కొనేవారు ఈ పరిమితిని గమనించాలి. ప్రాసెసరు ఖర్చు చేసే వాట్లను బట్టి రేడియేటరు పొడవును (120, 240, 360 మిల్లీమీటర్లు) ఎంచుకోవాలి. 65 వాట్ల ప్రాసెసరుకు సాధారణ పంకా చాలు. 250 వాట్ల వరకు పోయే రకాలకు పెద్ద రేడియేటరు అవసరం. పంపు వలయంలో అన్నిటికంటే ఎత్తున ఉండరాదు. గాలి బుడగలు అక్కడ చేరి ప్రవాహం దెబ్బతింటుంది. అతుకుల నుండి కారడమనే క్రే-1 నాటి భయం తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

నిమజ్జన పద్ధతి సమాచార కేంద్రాలలో మరల వాడుకలోకి వచ్చింది. ఫ్లోరినర్ట్ వంటి ద్రవాలు వాతావరణంలో దీర్ఘకాలం నిలిచి భూతాపాన్ని పెంచుతాయి. ఈ కుటుంబానికి చెందిన రసాయనాల తయారీని 2025 చివరికి విరమించుకుంటామని త్రీ ఎం 2022 డిసెంబరులో ప్రకటించింది. క్రే పేరును కొనసాగించిన సంస్థను 2019లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ కొనుగోలు చేసింది. ఆ సంస్థ నిర్మించిన ఫ్రాంటియర్ యంత్రం 2022లో ప్రపంచంలో ప్రథమ స్థానం పొందింది. దానిని లోహపు పలకల గుండా ప్రవహించే నీటితో చల్లబరుస్తారు.

గుర్తింపు

ఐ.ఇ.ఇ.ఇ. కంప్యూటర్ సొసైటీ 1997లో ఇతని పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఉన్న కంప్యూటర్ చరిత్ర ప్రదర్శనశాలలో క్రే-1, క్రే-2 యంత్రాలను భద్రపరిచారు.