డొమెనికో స్కార్లాటి

డొమెనికో స్కార్లాటి (1685 అక్టోబరు 26 - 1757 జూలై 23) ఇటలీ దేశానికి చెందిన ప్రముఖ స్వరకర్త, హార్ప్సికార్డ్ వాద్యకారుడు. ఒక్కరే కూర్చుని మెట్ల వాద్యంపై వాయించుటకు వీలుగా ఈయన రచించిన 555 సొనాటాలు పాశ్చాత్య సంగీతంలో విశిష్ట స్థానం పొందాయి. వీటిలో అధిక భాగం సభల కొరకు గాక, ఒక శిష్యురాలి కొరకు కూర్చినవని పండితుల అభిప్రాయం.

బాల్యం

స్కార్లాటి నేపుల్స్ నగరంలో, పదిమంది సంతానంలో ఆరవవాడిగా జన్మించాడు. బాక్, హాండెల్ కూడా అదే సంవత్సరంలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో స్కార్లాటి ఆ కాలంలో పేరుపొందిన ఒపేరా రచయిత. డొమెనికో 1701లో, పదిహేనేళ్ళ వయసులోనే, నేపుల్స్ రాజప్రార్థనాలయంలో ఆర్గాన్ వాద్యకారుడిగా నియమితుడయ్యాడు. 1705లో తండ్రి ఈయనను వెనిస్ నగరానికి పంపాడు.

రోము నగరంలో

1709లో రోము చేరి, అక్కడ ప్రవాసంలో ఉన్న పోలండు రాణి మరియా కాసిమిరా కొలువులో ఒపేరాలు రచించాడు. ఈ కాలంలోనే హాండెల్‌తో వాద్యపోటీ జరిగిందని, ఆర్గాన్‌పై హాండెల్‌దే పైచేయి కాగా హార్ప్సికార్డ్‌పై ఇరువురూ సమానంగా నిలిచారని ప్రతీతి. 1715 నుండి 1719 వరకు సెయింట్ పీటర్ దేవాలయ సంగీతానికి అధిపతిగా పనిచేశాడు. అంతటి పదవిలో ఉన్నా తండ్రి అదుపు తప్పలేదు. 1717లో, 31 ఏళ్ళ వయసులో, చట్టబద్ధమైన పత్రం ద్వారా తండ్రి అధికారం నుండి స్వేచ్ఛ పొందాడు.

శిష్యురాలు మరియా బార్బరా

1719లో పోర్చుగల్ రాజు ఐదవ జాన్ కొలువులో చేరడానికి లిస్బన్ వెళ్ళాడు. అక్కడ రాజకుమార్తె మరియా బార్బరాకు సంగీతం నేర్పాడు. ఆమె 1729లో స్పెయిన్ యువరాజు ఫెర్నాండోను వివాహమాడగా, స్కార్లాటి ఆమె వెంట స్పెయిన్ వెళ్ళి, మొదట సెవిల్లేలోను, 1733 నుండి మాడ్రిడ్‌లోను నివసించాడు. 1738లో ఐదవ జాన్ ఈయనకు నైట్ బిరుదు ప్రదానం చేశాడు. ఆ రాజుకు అంకితమిచ్చి 30 సొనాటాలను లండనులో ముద్రింపజేశాడు. వాటికి పెట్టిన పేరుకు అభ్యాసాలని అర్థం. అప్పటికి ఈయన వయసు యాభై దాటింది.

సొనాటాల శైలి

తరువాతి కాలపు సొనాటాలలో మూడు నాలుగు విభాగాలు ఉంటాయి. స్కార్లాటి సొనాటాలు చాలావరకు ఒకే విభాగం గలవి. అది రెండు భాగాలుగా ఉంటుంది. ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయిస్తారు. మొదటి భాగం మూలశ్రుతి నుండి మరొక శ్రుతికి చేరుతుంది, రెండవ భాగం తిరిగి మూలశ్రుతికి వస్తుంది.

హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కగానే లోపలి ముల్లు తీగను మీటుతుంది. మెట్టును గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ధ్వని తీవ్రత దాదాపు మారదు. ఈ పరిమితిని స్కార్లాటి కల్పనాశక్తితో అధిగమించాడు. ఎక్కువ స్వరాలను ఒక్కసారిగా పేర్చి ధ్వనిని పెంచాడు, ఉన్నట్టుండి విరామమిచ్చి వినేవారిని ఆశ్చర్యపరిచాడు. ఎడమచేయి కుడిచేతిని దాటి వాయించడం, ఒకే స్వరాన్ని వేగంగా మరల మరల పలికించడం ఈయన శైలిలో ప్రధానమైనవి. స్పెయిన్ జానపదుల గిటారు మీటులు, నృత్య లయలు కూడా ఈ రచనలలో వినిపిస్తాయి. గిటారు మోతను తలపించుటకు నాటి నియమాలు ఒప్పని స్వరాలను సైతం కలిపి పలికించాడు.

చివరి రోజులు, రచనల భద్రత

1746లో మరియా బార్బరా స్పెయిన్ రాణి అయింది. ఆమె కొరకు ఈ సొనాటాలను లేఖకులు 15 సంపుటాలుగా వ్రాశారు. వాటిలో 13 సంపుటాలు 1752 - 1757 మధ్య, స్వరకర్త జీవితపు చివరి ఐదేళ్ళలో తయారయ్యాయి. స్కార్లాటి 1757లో మాడ్రిడ్‌లో మరణించాడు. మరుసటి ఏడాదే రాణి కూడా మరణించింది. ఆమె సంపుటాలు గాయకుడు ఫరినెల్లికి దక్కాయి. నేడు అవి వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో ఉన్నాయి.

సొనాటాలలో ఒక్కదానికీ స్కార్లాటి స్వదస్తూరి ప్రతి లభించలేదు. త్యాగరాజు కృతులను శిష్యులు వ్రాసి భద్రపరచినట్లే, ఈయన రచనలు కూడా ఇతరుల చేతివ్రాత ద్వారానే దక్కాయి. అందువలన ఏ సొనాటా ఎప్పుడు రచింపబడిందో నిర్ణయించడం కష్టమైంది. 20వ శతాబ్దారంభంలో అలెస్సాండ్రో లోంగో వీటిని సంపుటాలుగా ప్రచురించాడు. 1953లో అమెరికా వాద్యకారుడు రాల్ఫ్ కిర్క్‌పాట్రిక్ స్కార్లాటి జీవితచరిత్రతో పాటు సొనాటాలకు క్రమసంఖ్యలు కూర్చాడు. నేటికీ సొనాటాలను ఆ సంఖ్యలతోనే గుర్తిస్తారు. ఈనాడు వీటిని హార్ప్సికార్డ్‌పైనే గాక పియానో, గిటారులపై కూడా వాయిస్తున్నారు.