నీట మునిగిన శాస్త్రవేత్త హాల్డేన్

మా హాస్టల్లో ఈత రానివాళ్ళు తక్కువ. మిరప తోటల పక్కన దిగుడు బావుల్లోనో, సాగర్ కుడి కాలువలోనో నేర్చుకున్నాము. సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళినప్పుడు, వణికించే చలిలో బావిలో దూకి అడుగు నుంచి గుప్పెడు మట్టి ఎవరు తెస్తారా అని పందెం వేసుకోవడం మాకు అలవాటు. లోతుకు పోయేకొద్దీ చెవులు పోటు పెడతాయి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ సంగతి తెలుసుకోబోయి హాల్డేన్ గారి జీవితం చదివాము.

జె.బి.ఎస్. హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. జన్యుశాస్త్రంలో ఆయన పేరు గొప్పది. అది లెక్చరర్లు చెబుతారు కనుక మేము నీళ్ళ సంగతే చెబుతాము.

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనుల్లోని విషవాయువుల మీద పరిశోధన చేసినవారు. ప్రమాదం జరిగిన గనిలోకి దిగేటప్పుడు చిన్న పిట్టను వెంట తీసుకెళ్ళమని చెప్పింది ఆయనే. మన ఊళ్ళలో పాత బావి పూడిక తీసేముందు లాంతరు దించి చూస్తారే, అలాంటిదే. (లాంతరు ఆరనంత మాత్రాన గాలి మంచిదని కాదు. తమ్ముళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.)

నీటి అడుగున పనిచేసే డైవర్లు పైకి వచ్చాక కీళ్ళ నొప్పులతో, పక్షవాతంతో పడిపోయేవారు. ఎందుకలా అవుతుందో గోలీసోడా చూస్తే తెలుస్తుంది. గోలీ బిగించి ఉన్నంతసేపు సోడాలో గ్యాసు కనిపించదు. గోలీ నొక్కగానే బుసబుసమని బుడగలు వస్తాయి. పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. డైవరు గబుక్కున పైకి వస్తే ఒళ్ళే సోడా సీసా అవుతుంది. తండ్రి మేకల మీద ప్రయోగాలు చేసి, మధ్యమధ్య ఎక్కడ ఎంతసేపు ఆగి పైకి రావాలో లెక్కగట్టి 1908లో పట్టికలు ప్రచురించారు. నేటి స్కూబా డైవర్లు దిగేముందు వేసుకునే లెక్కలకు మూలం అదే.

ఆ పరిశోధన కోసం 1906లో స్కాట్లండు సముద్రంలో ఓడ మీద నుంచి మనుషుల్ని దించారు. పదమూడేళ్ళ కొడుకునూ దించారు. పెద్దవాళ్ళ డైవింగు సూటు కావడంతో మణికట్ల దగ్గర వదులైంది. చల్లని నీళ్ళు లోపలికి కారి ఛాతీదాకా వచ్చాయి. పిల్లవాడు గాలి కవాటాన్ని సవరించుకుంటూ నీళ్ళు ఇంకా పైకి రాకుండా చూసుకున్నాడు. ఆ వయసులో మేమైతే తాడు లాగి గోల పెట్టేవాళ్ళమే.

తరువాత కేంబ్రిడ్జి, లండను విశ్వవిద్యాలయాల్లో పనిచేశారు. 1939 జూన్ 1న లివర్‌పూల్ దగ్గర సముద్రంలో థీటిస్ అనే జలాంతర్గామి మునిగిపోయింది. 99 మంది చనిపోయారు, నలుగురే బయటపడ్డారు. మిగతావాళ్ళు ఎందుకు రాలేకపోయారో తేల్చడానికి హాల్డేన్ గారు పూనుకున్నారు. కూలికి మనుషుల్ని పెట్టుకోలేదు. స్పెయిన్ యుద్ధంలో పోరాడిన స్నేహితులను పిలిచి, వాళ్ళతో కలిసి ఇనుప గదిలో కూర్చొని, చెడిన గాలి పీల్చి చూశారు. స్పెయిన్ మాజీ ప్రధాని నెగ్రిన్ కూడా ఆ గదిలో కూర్చున్నవారే.

యుద్ధకాలంలో నౌకాదళం కోసం ఆ ప్రయోగాలు పెరిగాయి. మాకు బాగా నచ్చింది వాళ్ళ పద్ధతి. లోపల ఎవరు, బయట ఎవరు, ఎంత పీడనం, ఎంతసేపు అన్నీ ముందే అనుకునేవారు. పది వాతావరణాల పీడనంలో గాలి పీలిస్తే తాగినట్టు మత్తెక్కుతుంది. మత్తెక్కినవాడికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది. అందుకని లోపల గుణకారాలు చేయించేవారు, చిన్న ఉక్కు గుళ్ళను పట్టకారుతో తీయించేవారు. తప్పులు లెక్కపెడితే అసలు సంగతి బయటపడేది. చలి ప్రభావం తెలుసుకోవడానికి హాల్డేన్ గారు కరుగుతున్న మంచులో పడుకొని అదే పీడనం భరించారు. ఎక్కువ పీడనంలో ప్రాణవాయువే విషమవుతుందని తేల్చే క్రమంలో మూర్ఛ వచ్చి వెన్నెముక దెబ్బతింది. ఆ నొప్పి చాలాకాలం వదలలేదు. కర్ణభేరికి చిల్లులు పడ్డాయి. మా చెవి పోటు ఏపాటిది! వెంట ఉన్న హెలెన్ స్పర్వే గారూ ఈ బాధలు పడ్డారు. తరువాత ఆమె ఆయన భార్య అయ్యారు.

ఆయన కమ్యూనిస్టు. సూయెజ్ మీద బ్రిటను చేసిన దాడిని నిరసించారు. 1957లో దంపతులిద్దరూ ఇండియా వచ్చేశారు. కలకత్తాలో పనిచేశారు, తరువాత భువనేశ్వర్ చేరారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. మన పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన శిష్యులై, తరువాత గురువుగారి జీవితచరిత్ర రాశారు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సరుతో హాల్డేన్ గారు కన్నుమూశారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. ఆ ప్రకారం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. పదమూడో ఏట స్కాట్లండు చలినీళ్ళలో మునిగిన ఆ దేహమే, మన తెలుగు పిల్లల బల్ల మీదికి వచ్చింది. హెలెన్ గారు ఆ తరువాత కూడా ఇండియాలోనే ఉండి, 1978లో హైదరాబాదులో మరణించారు.