పలకతో ప్రాణాలు నిలిపిన డ్యూక్

అల మీద పలకేసుకుని నిలబడితే ఇప్పుడెవరికీ వింత కాదు. 1914 డిసెంబరులో సిడ్నీ శివారు ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో మాత్రం జనం కళ్లప్పగించి చూశారు. అక్కడ డిసెంబరంటే ఎండాకాలం. నీళ్లలో ఉన్నది హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు.

డ్యూక్ అంటే బిరుదు అనుకునేరు. ఆయన పేరే అది, తండ్రి పేరూ అదే. 1890 ఆగస్టు 24న హొనొలులులో పుట్టి, వైకీకీ అలల్లో పెరిగారు. 1911లో అక్కడి రేవులో జరిగిన పోటీలో 100 గజాల ప్రపంచ రికార్డును ఏకంగా 4 సెకన్లకు పైగా తగ్గించేశారు. అమెరికా క్రీడా సంఘం నమ్మితేనా! రికార్డుగా గుర్తించనే లేదు. మరుసటి ఏడాదే స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం కొట్టి నోళ్లు మూయించారు. 1920లో ఆంట్వెర్ప్‌లో మరో రెండు స్వర్ణాలు.

సిడ్నీకి పిలిచింది ఈత పోటీలకే. అలల్ని చూశాక ఆగలేక, అక్కడే షుగర్ పైన్ చెక్క తెప్పించి ఎనిమిదడుగులు దాటిన పలక చెక్కుకున్నారు. ఫ్రెష్‌వాటర్‌లో అడుగున ఇసుక. కొత్తవాళ్లకు అలాంటి చోటే నయం. రాళ్ల మీద పడితే ఒళ్లు చీరుకుపోతుంది, ఇసుకైతే లేచి మళ్లీ ఎక్కొచ్చు. ముందు నడుం లోతులో, విరిగిన అల నురుగు మీద బోర్లా పడుకుని జారాలి. నిలబడడం ఆ తర్వాతే. ఇసుకే కదా అని ధీమా మాత్రం పనికిరాదు. ఒడ్డుకొచ్చిన నీరు తిన్నెల మధ్య కాలువ కట్టి మనిషిని లోపలికి లాగేస్తుంది. పూరీలో యాత్రికుల్ని కాపాడే మన తెలుగు నోలియాలకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ వేసవిలోనే పదిహేనేళ్ల ఇసబెల్ లెథమ్‌ను తన పలకపై ఎక్కించుకుని అలల మీద నిలబెట్టారు డ్యూక్. మొదట హడలిపోయిన ఆ పిల్లే పెద్దయ్యాక ఎందరికో ఈత నేర్పింది. పలకను ఆయన సిడ్నీలోనే వదిలి వెళ్లారు. తర్వాత అది ఫ్రెష్‌వాటర్ క్లబ్బుకు చేరింది.

పతకాల కన్నా పెద్ద పని 1925 జూన్ 14న చేశారు. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ రేవు ముఖద్వారంలో థెల్మా అనే చేపల వేట పడవ అలల తాకిడికి బోల్తా పడింది. అందులో 29 మంది. ఒడ్డునున్న డ్యూక్ పలకతో దూకారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వెళ్లొచ్చి ఎనిమిది మందిని లాక్కొచ్చారు. మిత్రులు మరో నలుగురిని తెచ్చారు. మిగతా 17 మంది దక్కలేదు. ఆ తర్వాతే అక్కడి లైఫ్‌గార్డుల చేతికి పలకలొచ్చాయి.

ఇంత పేరున్నా డబ్బు నిలవలేదు. సినిమాల్లో చిన్నాచితకా వేషాలు, పెట్రోలు బంకులో పని. 1930ల నుంచి పాతికేళ్లకు పైగా హొనొలులు షెరీఫ్‌గా జనం గెలిపిస్తూ వచ్చారు. 1968 జనవరి 22న, 77వ ఏట కన్నుమూశారు. అస్థికల్ని పడవల్లో తీసుకెళ్లి వైకీకీ సముద్రంలోనే కలిపారు.