చెరలో ఫలించిన విద్య

17వ శతాబ్దారంభమున డచ్చివారి ఓడలు మన దేశతీరమునకు వచ్చుచుండెను. మచిలీపట్నమున ముందుగాను, 1616లో సూరతునందును వారి వర్తకస్థానములు వెలసెను. ఆ నావికుల ఆత్మలను గూర్చి చింతించిన న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్. ఆయన సూరతును ఎన్నడును చూడలేదు.

గ్రోషియస్ 1583లో హాలెండులోని డెల్ఫ్టు పట్టణమున జన్మించెను. పదునొకండవ యేటనే లైడెన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, రోమను ధర్మశాస్త్రమున పండితుడై, ఉన్నత పదవుల నధిష్ఠించెను. దైవనిర్ణయమును గూర్చిన సంఘవివాదము రాజ్యకలహముగా మారగా, 1619లో ఆయనకు యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను. పదవి పోయెను, ఆస్తి పోయెను. లూవెస్టైన్ కోటలో ఆయనకు మిగిలినవి గ్రంథములును, చెరను పంచుకొనిన భార్య మరియయును మాత్రమే.

అచ్చట ఆయన రెండు గ్రంథములు రచించెను. మొదటిది న్యాయగ్రంథము. ఆస్తి, ఒప్పందము, వారసత్వములను గూర్చిన రోమను సూత్రములను స్వదేశాచారములతో జోడించి, పండితుల లాటినులో గాక ప్రజల డచ్చి భాషలో వివరించెను. అది 1631లో అచ్చుపడెను. ఆ రోమను డచ్చి న్యాయము దక్షిణాఫ్రికాలోను శ్రీలంకలోను నేటికిని నిలిచియున్నది. రెండవది నావికులకొరకైన పద్యగ్రంథము. దూరపు రేవులలో అన్యమతస్థులు ప్రశ్నించినపుడు వారు తమ విశ్వాసమునకు హేతువు చెప్పగలుగవలెనని ఆయన ఆశించెను.

1621లో మరియ యుక్తిచే ఆయన పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొనెను. పరదేశమున జీవించి, 1645లో ఓడప్రమాదమునకు లోనై, రోస్టాకు నగరమున మరణించెను.

అపొస్తలుడైన పౌలు బంధకములనుండియే సంఘములకు పత్రికలు వ్రాసెను. మనుష్యులు తలుపు మూసినను, దేవుడు తన సేవకునికి పని లేకుండ చేయడు.