సర్ విల్ఫ్రిడ్ లారియే

సమాఖ్య రాజ్యమునందు ఒక రాష్ట్రమువారు ఏకముఖముగ ఓటు చేసినచో వారి మాటకు ఎదురుండదని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకమున సత్యమెంతయో ఎఱుగగోరువారు కెనడా ప్రధాని విల్ఫ్రిడ్ లారియే చరిత్రమును పరిశీలింతురు గాక.

ఈయన 1841 నవంబరు 20వ తేదీన క్విబెక్ రాష్ట్రమున ఫ్రెంచి కుటుంబమునందు జన్మించెను. న్యాయవాదిగను, పత్రికా సంపాదకుడుగను పనిచేసి 1874లో కెనడా పార్లమెంటును ప్రవేశించి, 1887లో లిబరల్ పక్షమునకు నాయకుడయ్యెను.

నాటి రాజ్యాంగశాసనము క్విబెక్‌నకు 65 స్థానములను స్థిరపఱచియుండెను. తొలి దశాబ్దములలో అవి చాలవఱకు కన్సర్వేటివులవే. 1885లో లూయీ రియెల్‌ను ఉరితీయుటతో ఫ్రెంచివారి మనసు విఱిగెను. 1896 ఎన్నికలలో మానిటోబా కాథలిక్ పాఠశాలల సమస్య రేగగా, మతాచార్యులు పెక్కుమంది కన్సర్వేటివుల పక్షము వహించిరి. అయినను ప్రజలు లారియేకు 49 స్థానములిచ్చిరి. తక్కిన కెనడాలో ఇరుపక్షములును ఇంచుమించు సరిసమానములు. కావున క్విబెక్ మ్రొగ్గిన వైపే ప్రభుత్వమయ్యెను. ఫ్రెంచివాడొకడు తొలిసారి ప్రధాని పీఠమెక్కెను.

ఆ బలమును లారియే దండముగ వాడలేదు. మానిటోబాతో రాజీ కుదిర్చెను. 1899లో బోయరు యుద్ధమునకు స్వచ్ఛంద సైనికులను మాత్రమే పంపెను. అయితే 1910 నాటి నౌకాదళ శాసనము ఆంగ్లేయులకు చాలదయ్యెను, క్విబెక్ జాతీయవాదులకు మితిమీఱినదయ్యెను. అమెరికాతో తలపెట్టిన వర్తక ఒడంబడికయు తోడుగాగా 1911లో ఆయన పదవి పోయెను.

1917లో నిర్బంధ సైనికసేవా ప్రశ్న వచ్చెను. లారియే దానిని ప్రతిఘటింపగా ఆంగ్ల రాష్ట్రముల లిబరలులనేకులు ఆయనను వీడిరి. క్విబెక్ మాత్రము 65లో 62 స్థానములను ఆయనకే సమర్పించెను. వెలుపల దక్కినవి 20 మాత్రమే, ప్రతిపక్షమునకు 153. నాడు 49 స్థానములు ప్రధానిని నిలిపెను. నేడు 62 స్థానములు నిర్బంధసేవను ఆపజాలకపోయెను. 1919 ఫిబ్రవరి 17వ తేదీన లారియే మరణించెను. 1921లో క్విబెక్ 65 స్థానములను లిబరలులకే ఇచ్చెను. ఇతరులు చీలియుండుటచే ఆ పక్షమే ప్రభుత్వము నెలకొల్పెను.

కావున ఐకమత్యమొక్కటియే బలము కాదని మా అభిప్రాయము. వెలుపల ఇరుపక్షములు పోటీపడుచున్నపుడు అది త్రాసున ముల్లును కదల్చును. వెలుపలివారెల్ల ఒక్కటైనపుడు అదియే ఒంటరితనమగును. తనవారి ఐక్యమును కోరు నాయకుడు పొరుగువారి మైత్రిని పోగొట్టుకొనరాదు.